ఎడమ అంచు పైన ఉండాలి

తెనాలిలో మా ఇంటికి రెండు వీధుల అవతల పిల్లల గ్రంథాలయం ఒకటుంది. నలుగురైదుగురు కలిసి నడుపుకునే ఒక్క గది. రెండేళ్ళ కిందట ఎవరో దాత వాళ్ళకి రెండు పెట్టెల నిండా బొమ్మల పుస్తకాలు పంపారు. అన్నీ ఇతర దేశాల కథలు, తెలుగులోకి తెచ్చినవి. వాటిలో ఏవి అరలో పెట్టొచ్చో, ఏవి చుట్టుపక్కల బడులకి పంపొచ్చో చూసి చెప్పమని నలుగురు టీచర్లని అడిగారు. నా వాటాకి జపాను వచ్చింది. పదకొండు పుస్తకాలు, పుస్తకానికో ఫారం. కథకి ఇన్ని మార్కులు, బొమ్మలకి ఇన్ని, భాషకి ఇన్ని అని వేసుకుంటూ పోవాలి. చివర్లో ఒక గడి ఉంది: 'ఆ దేశపు సంస్కృతి చక్కగా కనిపిస్తోందా?' దానికీ పది మార్కులు.

నేను రేపల్లెలో ప్రాథమికోన్నత పాఠశాలలో పనిచేస్తాను. పొద్దున తెనాలిలో ప్యాసింజరు ఎక్కి వెళ్ళి, సాయంత్రం మళ్ళీ బండిలోనే వస్తాను. ఆ పుస్తకాలన్నీ అలా కిటికీ పక్కన కూర్చుని చదివాను. జంపని వచ్చేలోపు ఒకటి అయిపోయేది, వేమూరు దాటాక ఇంకోటి తీసేదాన్ని. జపాను గురించి నాకు తెలిసింది చాలా తక్కువ. అయినా మార్కులు వేయడానికి చెయ్యి ఆగలేదు. ఇరవై రెండేళ్ళుగా అదే పని చేస్తున్న చెయ్యి కదా.

అందులో ఒక పుస్తకం నాకు తెగ నచ్చింది. ఒక పాప కిమోనో అనే పొడవాటి అంగీ కట్టుకుని నాయనమ్మతో కలిసి చెర్రీ పూలు చూడ్డానికి వెళ్తుంది. ప్రతి పేజీ లేత గులాబీ రంగే. మంచు కప్పిన కొండ, ఎర్ర వంతెన, కాగితపు గొడుగు, విసనకర్ర, అన్నీ ఉన్నాయి. సంస్కృతి గడిలో పదికి పది వేశాను. ఇంకో పుస్తకం ఉంది, పల్చగా, మట్టి రంగులో. ఒక పిల్లాడికి జ్వరం వస్తుంది. బడికి వెళ్ళడు. పడుకుని పైకప్పు చూస్తుంటాడు. వాళ్ళమ్మ జావ కాచి ఇస్తుంది, యాపిల్ చెక్కు తీసి పెడుతుంది. సాయంత్రం పక్కింటి పిల్ల బడి నుంచి కాగితంలో చుట్టిన రొట్టె తెచ్చి ఇచ్చి వెళ్తుంది. కథ అంతే. ఆ పిల్లాడు మామూలు బనీనులో ఉన్నాడు. పూలు లేవు, కొండ లేదు. 'సంస్కృతి కనిపించదు' అని రాసి నాలుగు వేశాను.

ఫారాలు ఇచ్చేయడానికి ఇంకా రెండు వారాల టైముంది. ఎలాగూ పిల్లల పుస్తకాలే కదా, పిల్లలకీ ఒకసారి చూపిద్దామని గులాబీ రంగు పుస్తకాన్ని నాలుగో తరగతిలోకి పట్టుకెళ్ళాను. చదివి వినిపించి, బెంచీల మీదుగా చేతులు మార్చుకుంటూ చూడమన్నాను. అందరూ చూసి ఇచ్చేశారు కానీ, కిటికీ దగ్గర కూర్చునే ఒక పిల్ల మాత్రం వదల్లేదు. పేజీలు ముందుకీ వెనక్కీ తిప్పుతోంది. వాళ్ళ నాన్న మార్కెట్ దగ్గర టైలరు. ఆ పిల్ల బడి అయ్యాక మిషను పక్కనే కూర్చుని కాజాలు కుడుతుంది. బళ్ళో తక్కువ మాట్లాడుతుంది, ఇంట్లో ఉర్దూలో ఇంకా తక్కువ మాట్లాడుతుందని వాళ్ళమ్మ నాతో అనేది.

ఏంటమ్మా అని అడిగితే, పుస్తకం తెచ్చి నా బల్ల మీద పెట్టింది.

"టీచర్, ఈ పాప బట్ట ఇక్కడ ఇటు మీదికుంది, ఇక్కడ అటు మీదికుంది. ఏది కరెక్టు?"

నాకు ముందు అర్థం కాలేదు. ఆ పిల్ల వేలు పెట్టి చూపించింది. కిమోనో ముందువైపు రెండు అంచులు ఒకదాని మీద ఒకటి వస్తాయి. మొదటి పేజీల్లో ఒక అంచు పైన ఉంది. వంతెన మీద నడిచే పేజీలో రెండోది పైన ఉంది. మగవాళ్ళ చొక్కాకి గుండీలు ఒకవైపు, ఆడవాళ్ళ జాకెట్టుకి ఇంకోవైపు ఉంటాయట, ఒకే మనిషికి రెండు రకాలుగా కుడితే వాళ్ళ నాన్న, వాళ్ళ మాటలో అబ్బా, విప్పించి మళ్ళీ కుట్టిస్తాడట. ఇదంతా నెమ్మదిగా చెప్పి నా మొహం వైపు చూసింది. నాకు తెలియదమ్మా అన్నాను. కనుక్కుని చెప్తావా టీచర్ అంది. చెప్తానన్నాను.

మధ్యాహ్నం స్టాఫ్ రూములో ఈ సంగతి చెబితే అందరూ నవ్వారు. ఒక్క లెక్కల సార్ మాత్రం నవ్వలేదు. ఆయనది బాపట్ల. వాళ్ళ వీధి చివర ఒక జపానావిడ ఉంటుందన్నారు. ఆవిడ భర్త వరి వంగడాల మీద చదువుకోవడానికి జపాను వెళ్ళి, అక్కడ పరిచయమై పెళ్ళి చేసుకుని వచ్చాడట. పాతికేళ్ళు దాటిందట. వీధిలో అందరూ జపానమ్మగారు అంటారట. ఆదివారం వస్తే తీసుకెళ్తానన్నారు.

ఆ ఆదివారం చర్చి అయ్యాక బండెక్కి బాపట్ల వెళ్ళాను. దారి పొడుగునా నా మనసులో ఒక ఇల్లు కట్టుకుంటూ వెళ్ళానని ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. కాగితపు తలుపులు, నేల మీద చాపలు, కిమోనోలో ఒక సన్నటి మనిషి. తీరా వెళ్తే మామూలు డాబా ఇల్లు. గుమ్మంలో గ్యాసు సిలిండరు, తీగ మీద ఆరేసిన లుంగీ. తలుపు తీసిన ఆవిడ నేత చీరలో ఉంది. నాకంటే ఆరేడేళ్ళు పెద్దదై ఉంటుంది. జుట్టు సగం నెరిసింది.

"రండి టీచరుగారూ, ఎండన పడి వచ్చారు. కాస్త మజ్జిగ పుచ్చుకోండి" అంది.

పుచ్చుకోండి అనే మాట మా ఇళ్ళల్లో పెద్దవాళ్ళతోనే పోయింది. నేను ఆశ్చర్యపోవడం చూసి, తన తెలుగంతా అత్తగారి తెలుగని చెప్పింది. పెళ్ళై వచ్చిన మొదటి మూడేళ్ళు ఇంట్లో ఆ ముసలావిడ ఒక్కతే మాట్లాడే తోడట. అందుకే ఇప్పటికీ వీధిలో ఆడపిల్లలు తన మాటలకి నవ్వుతారట.

సార్ మమ్మల్ని కూర్చోబెట్టి వాళ్ళింటికి వెళ్ళిపోయారు. నేను పదకొండు పుస్తకాలూ బల్ల మీద పెట్టాను. ముందు గులాబీ రంగు పుస్తకాన్నే ఆవిడ చేతికిచ్చి, మా పిల్ల అడిగిన ప్రశ్న చెప్పాను. ఆవిడ నవ్వుకుంటూ పేజీలు తిప్పింది. బాగుంది, చాలా ముద్దుగా వేశారండి అంది. వంతెన పేజీ దగ్గరికి వచ్చేసరికి ఆవిడ చెయ్యి ఆగింది. పాప మెడ కింద, అంచు మీద వేలు పెట్టింది.

"ఈ పేజీలో పాప చనిపోయిందండి" అంది.

నేను పుస్తకం మీదికి వంగాను. ఆవిడే నిదానంగా చెప్పింది. కిమోనో ఎవరు కట్టుకున్నా, ఆడైనా మగైనా, ముందు కుడి అంచు ఒంటికి చుట్టి, దాని మీదికి ఎడమ అంచు తేవాలట. ఎడమ పైన ఉండాలి. మనిషి పోయినప్పుడు మాత్రమే తిప్పి, కుడి అంచు పైకి వచ్చేలా కడతారట. జపానులో చిన్నపిల్లలకి కూడా తెలుస్తుందట ఆ సంగతి. తర్వాత ఆవిడ ఆ పేజీని, మొదటి పేజీని పక్కపక్కన పెట్టి చూసి, పాప జడలో పువ్వు కూడా అటు నుంచి ఇటు మారిందని చూపించింది. బొమ్మ గీసినవాళ్ళ తప్పు కాకపోవచ్చు, పేజీలో ఇమడ్డానికి బొమ్మని తిరగేసి అచ్చు వేసినట్టున్నారు అంది. ఎవరి మీదా కోపం లేదు ఆ గొంతులో.

నేను పదికి పది వేసిన ఫారం సంచీలోనే ఉంది. తీయలేదు.

ఆవిడ మజ్జిగ గ్లాసులు లోపల పెట్టి వచ్చి కూర్చుంది. కాసేపటికి తనంతట తనే వాళ్ళమ్మ గురించి చెప్పింది. కరోనా వచ్చి విమానాలు ఆగిపోయిన రోజుల్లో వాళ్ళమ్మ అక్కడ పోయింది. వెళ్ళడానికి దారి లేదు. తమ్ముడు ఫోన్లో చూపించాడు. తెల్ల బట్టల్లో పడుకోబెట్టారు.

"చిన్నప్పుడు నాకు కిమోనో కట్టేటప్పుడల్లా మా అమ్మ అనేదండి, ఎడమ పైకి, ఎడమ పైకి అని. నేనెప్పుడూ తిప్పి కట్టేదాన్ని. ఆ రోజు ఫోన్లో అమ్మకి కుడి పైన ఉంది. అది చూశాక నమ్మకం కుదిరింది నాకు, అమ్మ లేదని."

నేను ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. పరిచయమై గంట కూడా కాలేదు. ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

తర్వాత మిగతా పుస్తకాలు చూశాం. కొన్నింటికి నవ్వింది. ఒకదాంట్లో చాప మీద చెప్పులతో నడుస్తున్నారు. మా అమ్మ చూస్తే చీపురు తీసుకునేది అంది. ఇంకోదాంట్లో ఊళ్ళో అందరూ రోజూ పండగ బట్టల్లోనే ఉన్నారు, పాలు పోసేవాడితో సహా. తర్వాత మట్టి రంగు పుస్తకం తీసింది. చివరి పేజీ దాకా చదివి, మళ్ళీ మొదటికి వచ్చి, పుస్తకాన్ని గుండెకి ఆనించుకుంది.

"ఇది మా ఇల్లండి" అంది.

జ్వరం వచ్చి బడి మానేస్తే నిజంగానే పక్కింటి పిల్ల బడి భోజనంలో మన వంతు రొట్టె తెచ్చి ఇచ్చేదట. ఈవిడ వాళ్ళమ్మ ఆ బడి వంటగదిలోనే పనిచేసేది. పొద్దున్నే తెల్ల టోపీ, తెల్ల ఏప్రాన్ వేసుకుని సైకిల్ మీద వెళ్ళేది. మూడొందలమంది పిల్లలకి వండేది. ఆ రొట్టె ఎవరు తెచ్చినా అమ్మ చేతుల మీదుగా వచ్చిందని తనకి తెలుసు కాబట్టి, జ్వరంలో నోరు చేదుగా ఉన్నా తినేసేదట. నేను ఆ పుస్తకానికి వేసిన నాలుగు మార్కుల గురించి అప్పుడు చెప్పేశాను. ఆవిడ ఏం అనుకోలేదు. పూలు చూడ్డానికి ఏడాదికి ఒక్కరోజు వెళ్తామండి, జ్వరాలు మాత్రం వస్తూనే ఉంటాయి అని నవ్వింది.

నేను లేవబోతుంటే బీరువాలోంచి ఒక కట్ట తీసింది. అన్నీ రూళ్ళు లేని నోటు పుస్తకాలు. తన పెళ్ళి ఖాయమైనప్పుడు వాళ్ళమ్మ ఇండియా ఎలా ఉంటుందో తెలుసుకోవడానికి ఒక పిల్లల బొమ్మల పుస్తకం కొనుక్కుందట. అందులో ఏనుగు, కోట, నాగస్వరం ఊది పామునాడించే మనిషి. ఆ తల్లి పాపం నిజంగానే ఉత్తరం రాసింది, మీ ఏనుగుని ఎక్కడ కట్టేస్తారు, ఇంట్లో చోటుందా అని. కూతురు తప్పని చెప్పలేదు. బాపట్లలో ఇంటిముందు ఏం కనపడితే అది గీసి పంపడం మొదలుపెట్టింది. భర్త స్కూటరు. సిలిండరు దొర్లించుకుంటూ వచ్చే మనిషి. పాలవాడితో పోట్లాడుతున్న అత్తగారు. సూర్యలంక సముద్రపు ఒడ్డున చీర మోకాళ్ళదాకా తడుపుకుని నిలబడ్డ తను. కరెంటు పోయిన సాయంత్రం దోమల బ్యాటుతో వాకిట్లో కూర్చున్న కుటుంబం. వాళ్ళమ్మ పోయాక తమ్ముడు వాటన్నింటినీ తిరిగి పంపించాడు. దోమల బొమ్మ పక్కన వాళ్ళమ్మ పెన్సిలుతో రాసిన ఒక ముక్క ఉంది. ఏం రాసిందండీ అని అడిగితే, ఇక్కడా ఉన్నాయి అని రాసిందని చెప్పింది.

సాయంత్రం బండిలో తిరిగొస్తూ నా సంగతే ఆలోచించాను. మాది లూథరన్ క్రైస్తవ కుటుంబం. తాతల నాటి నుంచి టీచర్లం, గుమాస్తాలం. నేను చదువుకున్న పుస్తకాల్లోనూ, నేను చెప్పిన పాఠాల్లోనూ మాలాంటివాళ్ళు డిసెంబరులో మాత్రమే వస్తారు. గుమ్మానికి నక్షత్రం, బల్ల మీద కేకు, కొత్త బట్టలు. జనవరి రాగానే మాయమైపోతారు. అది నాకెప్పుడూ లోపల ఎక్కడో గుచ్చుకుంటూనే ఉంది, పైకి అన్నది లేదు. అలాంటి నేనే ఒక దేశం మొత్తాన్ని పూల పండక్కి కుదించి పదికి పది వేశాను.

సోమవారం మా టైలరుగారి పిల్లకి జవాబు చెప్పాను. ఎడమ అంచు పైన ఉండాలమ్మా, నువ్వు పట్టుకున్నది నిజంగానే తప్పు అన్నాను. ఎందుకు అనేది మాత్రం వెంటనే చెప్పలేదు. ఆవిణ్ణే అడుగుదువుగాని అన్నాను. ఎందుకంటే అప్పటికే ఆవిడ మా బడికి వస్తానంది.

శుక్రవారం వచ్చింది. బాపట్ల నుంచి తెనాలి వచ్చి, అక్కడ నాతో కలిసి రేపల్లె బండెక్కింది. పిల్లలు కిమోనో కోసం ఎదురుచూస్తున్నారు. పసుపు రంగు నేత చీర, చేతిలో టిఫిన్ క్యారియరుతో ఆవిడ లోపలికి రాగానే కొంతమంది మొహాలు వాడిపోయాయి. ఒకడు నా వెనక చేరి, జపానావిడ ఎప్పుడొస్తుంది టీచర్ అని గుసగుసగా అడిగాడు.

ఆవిడ బోర్డు మీద ఒక బడి గీసింది. పిల్లలే టోపీలు పెట్టుకుని ఒకరికొకరు వడ్డించుకోవడం, తిన్నాక తామే గది తుడుచుకోవడం గీసింది. పక్కనే ఒక వంటగది, పెద్ద గంగాళం, అందులో గరిటె తిప్పుతున్న ఒక మనిషి. ఈవిడ మా అమ్మ అని చెప్పింది. మా బడిలో మధ్యాహ్న భోజనం వండే ఆవిడ ఎప్పుడొచ్చిందో గుమ్మం దగ్గర నిలబడి ఉంది. చేతికి ఇంకా పప్పు అంటుకుని ఉంది. మీ అమ్మగారు ఎంతమందికి వండేవారండీ అని అడిగింది. మూడొందలమందికి అంటే, ఒక్కర్తేనా అంది. కాదు, అయిదుగురు అని తెలిశాక ఊపిరి పీల్చుకుంది. అక్కడ కూడా గుడ్డు పెడతారా అని ఒక పిల్లాడు అడిగాడు. రోజూ కాదు, గుడ్డు పెట్టిన రోజు మేమూ మీలాగే పరుగెత్తేవాళ్ళం అంది. దాంతో గదంతా దగ్గరికి జరిగింది.

టైలరుగారి పిల్ల సంచీలోంచి ఒక గుడ్డ తీసింది. వాళ్ళ అబ్బా దగ్గర మిగిలిన లైనింగు ముక్కలు కలిపి, పుస్తకంలో బొమ్మ చూసి కుట్టించుకొచ్చిన చిన్న అంగీ. ఒక్కో చెయ్యి ఒక్కో రంగు. ఆవిడ దాన్ని రెండు చేతులతో అందుకుని కుట్టు తిరగేసి చూసింది. తర్వాత పిల్లని ముందు నిలబెట్టి, మోకాళ్ళ మీద కూర్చుని కట్టడం మొదలుపెట్టింది. కుడి అంచు లోపలికి. ఎడమ అంచు పైకి. ఎడమ పైకి అని తెలుగులో అంది, తర్వాత అదే మాట వాళ్ళ భాషలో అనుకుంది. నడుముకి నా స్కార్ఫు బిగించి, భుజాలు సవరించి, అలాగే కూర్చుండిపోయింది.

ఎందుకలాగే కట్టాలి అని ఆ పిల్ల అడిగింది. ఆవిడ దాచలేదు. తిప్పి కడితే ఆ మనిషి పోయినట్టు లెక్కమ్మా అని మెల్లగా చెప్పింది. పిల్ల, వాళ్ళ నానీ, అంటే అమ్మమ్మ, పోయినప్పుడు తెల్లగుడ్డ వాళ్ళ అబ్బానే కత్తిరించాడని, ఆ గుడ్డకి మిషను కుట్టు వేయలేదని చెప్పింది. ఇద్దరూ పెద్దవాళ్ళలాగా తలలు ఊపుకున్నారు.

ఆ తర్వాతి శనివారం గ్రంథాలయంలో సమావేశం జరిగింది. నేను ఫారాలన్నీ మళ్ళీ రాసి పట్టుకెళ్ళాను. గులాబీ పుస్తకం గురించి చెప్పగానే, రిటైరైన తెలుగు మాస్టారు ఒకాయన, ఆ గ్రంథాలయానికి పెద్ద, ఒక్క అంచు కోసం అంత అందమైన పుస్తకం తీసేస్తామా అమ్మా అన్నారు. తీసేయొద్దనే నేనూ అన్నాను. అచ్చువేసినవాళ్ళకి ఉత్తరం రాద్దాం, ఈలోగా ఆ పేజీలో ఒక చీటీ అంటిద్దాం అన్నాను. మట్టి రంగు పుస్తకాన్ని మాత్రం అన్ని బడులకీ పంపాలని పట్టుబట్టాను. ఫారంలో ఆ చివరి గడి కొట్టేసి, 'ఆ దేశపు పిల్లాడు చూస్తే ఇది మా ఇల్లే అంటాడా?' అని రాయమన్నాను. అదెలా తెలుస్తుందమ్మా అన్నారు మాస్టారు. అడిగితే తెలుస్తుందండి అన్నాను.

అక్కడితో ఆపాల్సింది. కానీ డిసెంబరు సంగతి కూడా నోట్లోంచి వచ్చేసింది. మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఆయన నాకు ఇరవై ఏళ్ళుగా తెలుసు.

"మరి మామూలు రోజున మీ ఇంట్లో ఏం చేస్తారమ్మా?" అన్నారు. నిజంగా తెలుసుకోవాలనే అడిగారు.

"పప్పు వండుకుంటామండి" అన్నాను. అందరం నవ్వాం, ఆయన కూడా.

చీటీ మా టైలరుగారి పిల్లే రాసింది. 'ఈ పేజీలో బొమ్మ తిరగబడింది. ఎడమ అంచు పైన ఉండాలి.' మూడు కాగితాలు పాడుచేసి నాలుగోది అంటించింది. ఉత్తరానికి జవాబు ఇంతవరకు రాలేదు.

జపానమ్మగారు ఇప్పుడు నాకు అక్కయ్య. మా పిల్లల కోసం వాళ్ళమ్మ వంటగది గురించి ఒక బొమ్మల పుస్తకం గీస్తోంది. గ్రంథాలయం వాళ్ళు నకళ్ళు తీయిస్తామన్నారు. మొన్న ఆదివారం వెళ్తే అన్ని పేజీలకీ రంగులు పడ్డాయి, ఒక్కటి తప్ప. అందులో వాళ్ళమ్మ సైకిల్ దిగుతోంది. ఆ సైకిల్ రంగు గుర్తు రావడం లేదట. పచ్చదో, నీలందో. ఏదో ఒకటి వేసెయ్యక్కా, ఎవరికి తెలుస్తుంది అన్నాను. ఆ మాట అన్నాక నాకే నాలుక కరుచుకోవాలనిపించింది. ఆవిడ ఫోన్ తీసి తమ్ముడికి చేసింది.

వాళ్ళిద్దరూ చాలాసేపు మాట్లాడుకున్నారు. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. మధ్యలో పోట్లాడుకుంటున్నట్టు అనిపించింది, తర్వాత ఇద్దరూ నవ్వారు, తర్వాత అవతల నుంచి చాలాసేపు మాట లేదు, ఆవిడ కూడా ఫోన్ చెవికి పెట్టుకుని ఊరికే కూర్చుంది. నేను నా టీ తాగేసి, చల్లారిపోతున్న ఆవిడ టీ మీద మూత పెట్టాను.